ఒకినావాలో స్కూబా: నాన్నను కూడా తీసుకెళ్ళాలి, గోల్డెన్ వీక్‌లో నాలుగు రోజులు సరిపోతాయా?

కృష్ణాతీరం • ఫిబ్రవరి 9, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. నేను జపాన్‌లోని యోకోహామాలో ఉంటాను, వచ్చి ఆరేళ్ళయింది. అమ్మా నాన్నా ఏప్రిల్ మూడో వారంలో విజయవాడ నుంచి వస్తున్నారు, 90 రోజుల వీసా మీద. గోల్డెన్ వీక్‌లో (ఏప్రిల్ ఆఖరు, మే మొదట్లో ఇక్కడ వరసగా వచ్చే సెలవులు) అందరం కలిసి దక్షిణాన ఉన్న ఒకినావా దీవులకు వెళ్ళి స్కూబా (గాలి సిలిండర్‌తో సముద్రం లోపలికి దిగడం) చేయాలని ఆలోచన. నాకు, మా ఆవిడకు ఇదే మొదటిసారి. ఇద్దరికీ ఈత వచ్చు, అదీ స్విమ్మింగ్ పూల్ వరకే.

ప్లాన్ ఇది. మొదటి రోజు పొద్దున టోక్యో హనేదా నుంచి ఒకినావాలోని నాహాకు ఫ్లైట్, మధ్యాహ్నం ఒన్నా దగ్గర బ్లూ కేవ్ అనే సముద్రపు గుహ. రెండో రోజు కెరామా దీవులకు వెళ్ళి రావడం, అక్కడ రెండు డైవ్‌లు. మూడో రోజు చురాఉమి అక్వేరియం. నాలుగో రోజు పొద్దున ఇంకో డైవ్, సాయంత్రం ఏడింటి ఫ్లైట్‌కి వెనక్కి.

నాన్నకు 63. చిన్నప్పుడు కృష్ణలో ఈదిన మనిషి. నేను ఈ మాట చెప్పినప్పటి నుంచి ఫోన్ చేసిన ప్రతిసారీ "సముద్రం అడుగున ఏముందో ఒక్కసారి చూడాలిరా" అంటున్నారు. బీపీకి మాత్ర వేసుకుంటారు, అంతకు మించి ఏ జబ్బూ లేదు. అమ్మకు నీళ్ళంటే భయం, పైగా శాకాహారి. మీలో వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి, ఈ ప్లాన్ సరిపోతుందా?

బీచ్‌రోడ్డు • ఫిబ్రవరి 9, రాత్రి 11:40

మాది వైజాగ్. తొమ్మిదేళ్ళుగా డైవింగ్ నేర్పుతున్నాను, ఎక్కువకాలం అండమాన్‌లో. మిగతా విషయాలకంటే ముందు మీ నాలుగో రోజు గురించి చెప్పాలి. పొద్దున డైవ్ చేసి సాయంత్రం ఫ్లైట్ ఎక్కకూడదు.

నీళ్ళలో లోతుకు వెళ్ళేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. పది మీటర్ల దగ్గర అది ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. ఆ ఒత్తిడిలో మనం పీల్చే గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో ఎక్కువగా కరుగుతుంది. పైకి వచ్చాక ఊపిరి ద్వారా నెమ్మదిగా బయటికి పోతుంది, దానికి గంటలు పడుతుంది. ఈలోగా విమానం ఎక్కారనుకోండి, క్యాబిన్‌లో ఒత్తిడి దాదాపు రెండు వేల మీటర్ల కొండ మీద ఉన్నంతే ఉంటుంది. గోళీసోడాలో గోళీ నొక్కగానే బుడగలు ఎలా తన్నుకొస్తాయో చూశారు కదా. మన ఒంట్లోనూ అలాగే జరగవచ్చు. కీళ్ళలో అయితే నొప్పి, వెన్నుపాములో అయితే కాళ్ళు పడిపోయే ప్రమాదం.

ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, వరసగా కొన్ని రోజులు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. నేనైతే నా దగ్గరికి వచ్చేవాళ్ళకు 24 అని చెప్తాను. కాబట్టి చివరి రోజు డైవింగ్ తీసేయండి, మారుమాట లేదు. ఇక మిగిలింది మూడు రోజులు. అందులో ఫ్లైట్ దిగిన రోజే సముద్రంలోకి దిగాలన్న తొందర ఎందుకు?

నాహా వాసి • ఫిబ్రవరి 10, ఉదయం 7:05

నాలుగేళ్ళుగా నాహాలో ఉద్యోగం. బీచ్‌రోడ్డు గారు రోజుల సంగతి చెప్పారు, నేను నెల సంగతి చెప్తాను.

గోల్డెన్ వీక్‌లో జపాన్ అంతా ఇక్కడికే వస్తుంది. విమానం టికెట్లు, గదులు, కారు అద్దె అన్నీ మండిపోతాయి. బ్లూ కేవ్‌కు మెట్లు దిగడానికే క్యూ ఉంటుంది. అప్పటికి సముద్రం 23 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. మన ఒంటికి అది చల్లటి నీళ్ళే, గంటసేపు ఉంటే వణుకు వస్తుంది. వణుకుతూ మొదటిసారి డైవ్ నేర్చుకోవడం కష్టం.

మే పదో తేదీ చుట్టుపక్కల వానాకాలం మొదలై, సగటున జూన్ 21 ప్రాంతంలో అయిపోతుంది. అది అయిపోగానే దక్షిణం నుంచి గట్టి గాలి వీస్తుంది, ఇక్కడివాళ్ళు దాన్ని కాచీబే అంటారు. ఆ గాలి తగ్గాక జూన్ ఆఖరు నుంచి జులై మొదటి వారం వరకు ఉండే రోజులు నాకు చాలా ఇష్టం. నీళ్ళు వెచ్చబడతాయి, స్కూళ్ళకు సెలవులు ఇంకా మొదలుకావు, టైఫూన్లు ఎక్కువగా వచ్చేది ఆ తర్వాతే. మీ అమ్మానాన్నల వీసా అప్పటికి ఉంటుంది కదా?

ఇంకో మాట. కెరామాకు పొద్దున వెళ్ళి సాయంత్రం రాకండి. అక్కడి జమామీ దీవిలోనే ఉండండి. నాహాలోని టొమారి రేవు నుంచి స్పీడ్ బోట్ అయితే 50 నిమిషాలు, మనిషికి మూడు వేల యెన్ల పైచిలుకు. పెద్ద ఫెర్రీ అయితే రెండు గంటలు, చవక. 2014లో ఆ దీవులను, చుట్టూ ఉన్న సముద్రాన్ని నేషనల్ పార్క్ చేశారు. పగడాలే దాదాపు 250 రకాలు. ఊళ్ళో ఉంటే డైవింగ్ పడవ పది, పదిహేను నిమిషాల్లో చోటుకు చేరుతుంది, మధ్యలో గదికి వచ్చి అన్నం తిని మళ్ళీ వెళ్ళొచ్చు. నాహా నుంచి వెళ్ళే పడవలో అలల మీద గంటసేపు వాంతులు చేసుకుని నీళ్ళలోకి దిగేవాళ్ళను ఎంతమందిని చూశానో.

నీలికడలి • ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:20

నాది వేరే మాట. అంత దూరం వెళ్తూ ఇషిగాకి ఎందుకు వదిలేయాలి? నాహా నుంచి ఇంకో గంట ఫ్లైట్, అంతే. అక్కడ కబీరా దగ్గర మంటా రేలు అనే పెద్ద రెక్కల చేపలు వస్తాయి, ఎండాకాలం నుంచి శరదృతువు దాకా. చిన్న చేపలు వాటి ఒళ్ళు శుభ్రం చేస్తుంటే అవి రాళ్ళ మీద గాల్లో పక్షుల్లా ఆగిపోతాయి. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకు మనిషి రెండింతలు. నేను ఒక్కసారే చూశాను, ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తుంది.

బీచ్‌రోడ్డు • ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 2:02

మంటా చూడాల్సిందే, కాదనను. కానీ మొదటిసారి డైవ్ చేసేవాళ్ళ ధ్యాసంతా చెవుల మీద, ఊపిరి మీద, మాస్క్‌లోకి వచ్చే నీళ్ళ మీద ఉంటుంది. అక్కడ ప్రవాహం కూడా ఉండవచ్చు. పది, ఇరవై డైవ్‌లు చేశాక వెళ్తే ఆ మంటాను తృప్తిగా చూస్తారు. ఇప్పుడు మాత్రం జమామీయే.

కృష్ణాతీరం • ఫిబ్రవరి 10, రాత్రి 9:30

చాలా థాంక్స్. మేనేజర్‌తో మాట్లాడాను. జూన్ 29 నుంచి వారం సెలవు ఇస్తానన్నారు. అమ్మానాన్నల తిరుగు ప్రయాణం జులై రెండో వారంలో, కాబట్టి ఇబ్బంది లేదు.

ఇంకో సందేహం. డైవింగ్ షాపువాళ్ళు పంపిన హెల్త్ ఫారంలో బీపీ ఉందా అని ఒక ప్రశ్న ఉంది. అవునని పెడితే డాక్టర్ సర్టిఫికెట్ తెమ్మంటున్నారు. నాన్న బీపీ మాత్రతో అదుపులోనే ఉంటుంది. లేదని పెట్టేస్తే ఏమైనా అవుతుందా?

స్టెతస్కోప్ • ఫిబ్రవరి 10, రాత్రి 11:10

లేదని పెట్టకండి. నేను జనరల్ ఫిజిషియన్‌ను, గుంటూరు. మీ నాన్నగారి ఆశ చదివాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మెడ దాకా నీళ్ళలో మునిగితే కాళ్ళలోని రక్తం ఛాతీ వైపు వస్తుంది. గుండె ఒక్కసారిగా ఎక్కువ రక్తాన్ని తోడాలి. చల్లటి నీళ్ళకు రక్తనాళాలు ముడుచుకుంటాయి. దానికి తోడు బరువు మోయడం, ఈదడం, కొత్త చోట టెన్షన్. బీపీ ఉన్నవాళ్ళలో కొందరికి ఇలాంటప్పుడు ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. బయట సముద్రం నీళ్ళు మింగకుండానే లోపల మునిగిపోయినట్టు అవుతుంది. గుండె రక్తనాళాల్లో అడ్డు ఉండి అప్పటిదాకా బయటపడని మనిషికి అక్కడే మొదటిసారి నొప్పి రావచ్చు.

బీపీ ఉన్నంత మాత్రాన డైవింగ్ చేయకూడదని కాదు. వాడే మందు ఏది, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుందా, ట్రెడ్‌మిల్ మీద గుండె ఎలా ఉంది, ఇవన్నీ చూసి చెప్పాలి. ఆయన ఇంకా విజయవాడలోనే ఉన్నారు కదా, వచ్చేలోపు కార్డియాలజిస్టుకు చూపించి ట్రెడ్‌మిల్ టెస్ట్ చేయించండి. ఏం చెప్తే దానికి కట్టుబడండి. ఆ ఫారం షాపువాళ్ళ కోసం కాదు, మీ నాన్నగారి కోసం.

మల్లెపందిరి • ఫిబ్రవరి 11, ఉదయం 8:45

డాక్టర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నా అనుభవం చెప్తాను. ఎక్కడో, ఏ షాపో చెప్పను. మూడేళ్ళ కింద నాకు జలుబు. ఫారంలో అన్నీ "లేదు" అని టిక్ పెట్టించారు, ఎవరూ ఏమీ అడగలేదు. మూడు మీటర్ల దగ్గర చెవిలో సూది గుచ్చినట్టు నొప్పి. చేత్తో సైగ చేశాను. ఆయన "ఓకేనా?" అని సైగ చేసి ఇంకా కిందికే లాగాడు. టప్‌మని శబ్దం వచ్చింది, చెవిలోకి చల్లగా నీళ్ళు పోయినట్టయింది, కళ్ళు తిరిగాయి. కర్ణభేరికి చిల్లు. మానడానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ తలస్నానం చేసిన ప్రతిసారీ ఏడుపొచ్చేది.

చెవి నొప్పి మొదలైతే అక్కడే ఆగాలి, ఒక మీటరు పైకి రావాలి. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదాలి. చెవి తెరుచుకుంటేనే కిందికి. తెరుచుకోకపోతే ఆ రోజుకు డైవ్ మానేయాలి. డబ్బులు పోతే పోనీ.

బీచ్‌రోడ్డు • ఫిబ్రవరి 11, ఉదయం 9:30

చదువుతుంటే బాధేసిందమ్మా. ఇన్‌స్ట్రక్టర్ నేర్చుకోవాల్సిన మొదటి పాఠమే అది. కృష్ణాతీరం గారూ, నొప్పి వచ్చేదాకా ఆగకండి. తల నీళ్ళలో మునగగానే మొదలుపెట్టి అర మీటరుకు ఒకసారి ఊదుతూ ఉండండి. ఒత్తిడి మార్పు బాగా తెలిసేది మొదటి పది మీటర్లలోనే.

ఇంకో సలహా. ఓపెన్ వాటర్ కోర్స్ (డైవింగ్ నేర్చుకునేవాళ్ళు మొదట చేసేది) మొత్తం అక్కడే చేయకండి. పాఠాలు, పూల్ ప్రాక్టీస్ మే నెలలో యోకోహామాలోనే పూర్తి చేసి, సముద్రంలో చేయాల్సిన నాలుగు డైవ్‌లు జమామీలో రెండు రోజుల్లో చేయండి. రెండు షాపులకూ ముందే చెప్పి కాగితం తీసుకుంటే చాలు. మాస్క్‌లో నీళ్ళు ఖాళీ చేయడం, గాలి పీల్చుకునే రెగ్యులేటర్ నోట్లోంచి తీసి పెట్టుకోవడం పూల్‌లో చేతికి అలవాటైపోతే, సెలవు రోజుల్లో చేపలు చూసుకోవచ్చు. కోర్స్ అయ్యాక 18 మీటర్ల దాకా వెళ్ళొచ్చు. అన్నిటికంటే పెద్ద నియమం ఒకటుంది, ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు.

గడపముగ్గు • ఫిబ్రవరి 12, మధ్యాహ్నం 3:15

నేను ఆడవాళ్ళ తరఫున అడుగుతున్నాను. మంగళసూత్రాలు, కళ్ళజోడు సంగతి ఏంటి? ఎక్కడా ఎవరూ రాయరు.

మల్లెపందిరి • ఫిబ్రవరి 12, సాయంత్రం 4:40

గొలుసు తీసి గదిలో పెట్టి, సూత్రాలను పసుపుతాడుకు కట్టుకుని, డైవింగ్‌కు వేసుకునే వెట్‌సూట్ లోపలికి వేసుకున్నాను. ఏ ఇబ్బందీ లేదు. గొలుసైతే డైవింగ్ జాకెట్ పట్టీలకు చిక్కుకుంటుంది. గాజులు, వేలాడే చెవిపోగులు తీసేయాలి.

కళ్ళజోడు మాస్క్ లోపల పట్టదు, అంచు దగ్గర నీళ్ళు కారతాయి. జపాన్‌లో చాలా షాపులు పవర్ ఉన్న మాస్కులు అద్దెకిస్తాయి. బుక్ చేసేటప్పుడే రెండు కళ్ళ పవర్ రాసి పంపండి.

పెరుగన్నం • ఫిబ్రవరి 13, రాత్రి 8:00

అమ్మగారి తిండి విషయం నేను చెప్తాను. మా అత్తగారితో వెళ్ళొచ్చాం. ఒకినావా వంటలో పంది మాంసం లేనిది వెతుక్కోవాలి. సోబా నూడుల్స్ పులుసు దానితోనే. కూరగాయల వంటకం అన్నా సరే, ఎండు బొనిటో చేప కాచిన నీళ్ళు (కత్సువో దాషి) పోస్తారు. "మాంసం వద్దు" అంటే సరిపోదు, "కత్సువో దాషి కూడా వద్దు" అని విడిగా చెప్పాలి. జమామీ చిన్న ఊరు, ఉన్న కొద్దిపాటి హోటళ్ళూ రాత్రి నిండిపోతాయి.

వంటగది ఉన్న మిన్‌షుకు (ఇంటివాళ్ళు నడిపే చిన్న బస) తీసుకోండి. చిన్న రైస్ కుక్కర్, కందిపొడి, పులిహోర పులుసు, ఆవకాయ పట్టుకెళ్ళండి. పెరుగు నాహాలో కొనుక్కోవచ్చు. కాకరకాయ అక్కడ మన ఊళ్ళోకంటే ఎక్కువ దొరుకుతుంది. గోయా అంటారు, లావుగా, లేత చేదుగా ఉంటుంది. మా అత్తగారు ఉల్లికారం పెట్టి వేయిస్తే ఇంటి యజమానురాలు గిన్నె పట్టుకొచ్చింది. జీమామీ తోఫు తప్పక తినిపించండి, వేరుశనగ పాలతో చేస్తారు, జున్నులా ఉంటుంది. మీద పోసే సాస్ మాత్రం వద్దనండి. సముద్రపు ద్రాక్ష అని ఆకుపచ్చటి నాచు ఒకటి ఉంటుంది. పంటి కింద ఆవగింజల్లా చిట్లుతుంది, ఉప్పగా బాగుంటుంది.

హైటెక్ సిటీ • ఫిబ్రవరి 14, ఉదయం 10:10

హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళకు కూడా ఇదే మంచిదా?

బీచ్‌రోడ్డు • ఫిబ్రవరి 14, ఉదయం 11:00

స్కూబా కోసమే అయితే ముందు అండమాన్. వీసా అక్కర్లేదు, హైదరాబాద్ నుంచి నేరుగా ఫ్లైట్ ఉంది. ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, ఫెర్రీలో స్వరాజ్ ద్వీప్ (పాత పేరు హేవ్‌లాక్) వెళ్ళండి. అండమాన్‌లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామందే ఉంటారు. డిసెంబర్ నుంచి ఏప్రిల్ వరకు సముద్రం బాగుంటుంది.

కృష్ణాతీరం • మార్చి 21, రాత్రి 10:50

నాన్న టెస్ట్ అయింది. ట్రెడ్‌మిల్ మీద ఆరు నిమిషాలకే ఈసీజీలో మార్పు కనిపించిందట. ఆంజియోగ్రాం చేశారు, ఒక నాళంలో సగం దాకా అడ్డు ఉంది. స్టెంట్ అక్కర్లేదు, మందులు చాలన్నారు. ప్రయాణం చేయొచ్చు, నడవొచ్చు, డైవింగ్ మాత్రం వద్దని రాసిచ్చారు.

నేను ఆ ఫారంలో లేదని టిక్ పెట్టి ఉంటే? అది తలచుకుంటే రాత్రి నిద్ర పట్టలేదు. స్టెతస్కోప్ గారూ, మీకు చేతులెత్తి నమస్కారం.

నాన్న ఫోన్‌లో "సరేలేరా, మీరు చూసొచ్చి చెప్పండి" అన్నారు. ఆ మాటన్నాక కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

నాహా వాసి • మార్చి 22, ఉదయం 6:50

తమ్ముడూ, బాధపడకు. జమామీలో ఆమా బీచ్ అని ఉంది, ఊరి నుంచి నడిచి వెళ్ళొచ్చు. పోటు సమయంలో తాబేళ్ళు ఒడ్డు దగ్గరికే వచ్చి నాచుగడ్డి మేస్తాయి. లైఫ్ జాకెట్ వేసుకుని నీళ్ళ మీద పడుకుని, మాస్క్‌తో కిందికి చూస్తే చాలు. కార్డియాలజిస్టును ఆ ఒక్క సంగతి విడిగా అడుగు. ఒప్పుకుంటే ఒక గైడ్‌ను మీ నాన్నగారి కోసమే పెట్టుకో. ఎండ తగ్గిన వేళ, పోటు ఉన్న రోజు చూసి చెప్తాను, తేదీలు పంపు.

స్టెతస్కోప్ • మార్చి 22, ఉదయం 9:15

మంచి ఆలోచన. ఇలా తేలుతూ కిందికి చూడటం, అంటే స్నార్కెలింగ్, కూడా గుండెకు పనే, కాబట్టి అడగకుండా వద్దు. అనుమతిస్తే గోరువెచ్చటి నీళ్ళు, నిలబడితే కాళ్ళు అందే లోతు, ప్రవాహం లేని చోటు, పదిహేను నిమిషాలకు మించకుండా. పొద్దుటి మాత్ర మానకూడదు. ఆయాసం అనిపిస్తే వెంటనే ఒడ్డుకు.

కృష్ణాతీరం • మార్చి 29, రాత్రి 9:05

డాక్టర్ ఒప్పుకున్నారు, ఇవే షరతులతో. ప్లాన్ మార్చాను. జూన్ 29న నాహా చేరి అటునుంచి అటే జమామీకి. 30, జులై 1 మా ఇద్దరి డైవ్‌లు. 2 పొద్దున నాన్నతో ఆమా బీచ్, సాయంత్రం బోటుకు నాహా. 3 అంతా నాహాలోనే, 4న ఫ్లైట్.

నాహా వాసి • మార్చి 30, ఉదయం 7:20

3వ తేదీ ఖాళీగా ఉంచడం చాలా మంచిపని. అలలు ఎక్కువైతే స్పీడ్ బోట్ ఆపేస్తారు, ఒక్కోసారి పెద్ద ఫెర్రీ కూడా. ఆ రోజు దానికీ పనికొస్తుంది. తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొను. నగదు దగ్గర పెట్టుకో. వేసవిలో హాబు జెల్లీ చేపలుంటాయి, కుడితే ముందు వెనిగర్ పోయాలి, రుద్దకూడదు. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్ గార్డ్ నంబర్ 118, అంబులెన్స్‌కు 119.

కృష్ణాతీరం • జులై 6, రాత్రి 11:30

వచ్చేశాం. ఇంకా నా చెవుల్లో నీళ్ళ చప్పుడు ఉంది, మర్చిపోకముందే రాస్తున్నాను.

మొదటి డైవ్ గాహీ అనే చిన్న దీవి పక్కన. పడవ నుంచి తాడు పట్టుకుని దిగాం. రెండు మీటర్ల దగ్గర మా ఆవిడ ఆగిపోయింది, కళ్ళు పెద్దవయ్యాయి. ఇన్‌స్ట్రక్టర్ కంగారు పడలేదు. ఆమె ఎదురుగా వచ్చి, తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా ఊపిరి వదిలి చూపించింది. బుడగలు పైకి పోతున్నాయి. మా ఆవిడ కూడా అలాగే వదిలింది. నాలుగైదుసార్లు అయ్యాక వేలితో కిందికి చూపించింది, వెళ్దామని. మే నెలలో పూల్‌లో గడిపిన మూడు ఆదివారాలు అప్పుడు పనికొచ్చాయి.

అడుగున ఇసుక తెల్లగా పిండిలా ఉంది. అందులోంచి సన్నటి ఈల్ చేపలు గడ్డిపోచల్లా నిలబడి ఊగుతున్నాయి. మేం రెండు బారల దూరంలోకి రాగానే అన్నీ ఒకేసారి ఇసుకలోకి దిగిపోయాయి. కదలకుండా ఉంటే మళ్ళీ ఒక్కొక్కటే తల పైకెత్తాయి. రెండో రోజు గురుకున్ చేపల మంద మా మీద నుంచి పోయింది, ఎంతసేపటికీ తరగలేదు.

ఇక నాన్న. నాహా వాసి అన్న చెప్పిన వేళకే వెళ్ళాం. గైడ్ కుర్రాడు నాన్నకు ఒక గుండ్రటి తేలుడు బల్ల ఇచ్చాడు. నాన్న దాన్ని రెండు చేతులా పట్టుకుని బోర్లా పడుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. పది నిమిషాలు ఇసుక తప్ప ఏమీ లేదు. నాకు లోపల ఒకటే గుబులు, ఈయనకు ఇదీ దక్కదేమోనని. అప్పుడు గైడ్ నా భుజం తట్టాడు.

సరిగ్గా నాన్న కింద, కాళ్ళు అందే లోతులోనే, ఒక తాబేలు మేస్తోంది. వీపు మీద గోధుమరంగు గీతలు కనపడుతున్నాయి. మెడ చాచి, గడ్డి కొరికి, తల పక్కకు లాగి తెంపుతోంది. కాసేపటికి పైకి వచ్చింది, మాకు కొంచెం దూరంలో తల బయటపెట్టి ఫుస్‌మని ఊపిరి వదిలింది. నాన్న తల ఎత్తి దాన్ని చూశారు. అది గాలి పీల్చుకుని మళ్ళీ కిందికి పోయింది. నాన్న కూడా మాస్క్ నీళ్ళలో పెట్టేశారు.

ఒడ్డుకొచ్చాక మాట్లాడలేదు. మధ్యాహ్నం అన్నం తింటూ అమ్మతో అన్నారు, "అచ్చం మన గౌరి మేసినట్టే మేస్తోందే." గౌరి మా తాతగారింట్లో ఆవు. సాయంత్రం బోటుకు ఇంకా రెండు గంటలుందనగా అమ్మ తనంతట తనే "నాకూ చూపించండి" అంది. మోకాళ్ళ లోతు దాకా వచ్చి, నాన్న చెయ్యి పట్టుకుని నిలబడింది. అప్పటికి ఆటు వచ్చేసింది, తాబేలు కనపడలేదు. అయినా చాలాసేపు అక్కడే ఉన్నారు ఇద్దరూ.

స్టెతస్కోప్ • జులై 7, ఉదయం 6:30

నీళ్ళలోంచి వచ్చాక బీపీ చూశారా?

కృష్ణాతీరం • జులై 7, ఉదయం 7:10

చూశాను డాక్టర్ గారూ, 134/82. పది నిమిషాల తర్వాత 128/80. మిషన్ వెంట తీసుకెళ్ళాం. నాన్నే రెండు అంకెలూ కాగితం మీద రాసుకున్నారు, విజయవాడలో వాళ్ళ డాక్టర్‌కు చూపిస్తారట.

గడపముగ్గు • జులై 7, మధ్యాహ్నం 12:25

ఆ తేలుడు బల్ల అద్దెకు దొరుకుతుందా, గైడ్‌తో పాటే ఇస్తారా? డిసెంబర్‌లో మా మామగారిని అండమాన్ తీసుకెళ్తున్నాం. ఆయనకు 67, షుగర్ ఉంది. ఫారం ఇప్పుడే తెప్పించుకున్నాను.